ఓరుగల్లు కోట స్టెల్త్ గేమ్: అర్ధగంటకే ఎందుకు విసుగు పుడుతోంది?

తమ్ముడూ, మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. 1323 నాటి ఓరుగల్లు కోట నేపథ్యంగా మీరు నలుగురు దోస్తులు కలిసి ఒక స్టెల్త్ గేమ్, అంటే కాపలావాళ్ల కంటపడకుండా దాక్కుంటూ ఆడే వీడియో గేమ్, చేస్తున్నారు. బొమ్మలు బాగున్నాయని అందరూ అంటున్నారు. కానీ ఆడినవాళ్లు అర్ధగంట తిరక్కముందే "మళ్లీ అదే కదా" అని లేచిపోతున్నారు. మిషన్లు పెంచాలా, ఆయుధాలు పెంచాలా, మ్యాప్ పెంచాలా అని అడిగారు.

మూడూ వద్దు. మూడూ పెంచితే ఇప్పుడు అర్ధగంటకు వచ్చే విసుగు గంటకు వస్తుంది, అంతే. నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా లెవెల్ డిజైన్ (ఆటలో ఒక్కో దశకు దారులు, అడ్డంకులు కూర్చే) పని చేస్తున్నాను, ఎక్కువగా స్టెల్త్ లెవెల్సే. సొంతూరు హన్మకొండ. అందుకని మీ డెమో చివరిదాకా ఆడి, తీరిగ్గా రాస్తున్నాను. జవాబు కొంచెం పెద్దదే.

ముందు నా మాట సూటిగా చెప్తాను. స్టెల్త్ గేమ్‌లో మజా కత్తి దించే క్షణంలో కాదు, దానికి ముందు గోడ చాటున నిలబడి "ఇప్పుడు పోవాలా, ఇంకాసేపు ఆగాలా" అని లెక్కవేసుకునే ఆ కొన్ని సెకన్లలో ఉంటుంది. ఆ లెక్క ప్రతిసారీ కొత్తగా వేయాల్సి వస్తే ఒకే కాపలావాణ్ణి ఎన్నిసార్లు దాటినా విసుగు రాదు. లెక్క ఒకసారి తేలిపోయి, ఇక మిగిలింది బటన్లు నొక్కడమే అయితే, కోట ఎంత పెద్దదైనా ఆట అక్కడికి అయిపోయినట్టే.

మీ డెమోలో జరిగింది అదే. తూర్పు దర్వాజ దగ్గర మొదటి కాపలావాణ్ణి ఈల వేసి పిలిచి, పొదలో కూర్చుని పొడిచాను. రెండోవాణ్ణీ అట్లనే. మూడోవాడు ఆ ఇద్దరి శవాల పక్కనే నిలబడి, ఈల వినగానే నేరుగా పొద దగ్గరికి వచ్చాడు. నడిమి గుడి దాకా అదే పొద, అదే ఈల. ఈల పనిచేయని చోటు మీ ఆటలో ఒక్కటీ లేదు. పనయ్యే దారి దొరికాక ఆడేవాడు ఇంకో దారి ఎందుకు వెతుకుతాడు? వెతకాల్సిన అవసరం మీరే కల్పించాలి.

ఈ ఈల సమస్యకు నాకు తెలిసిన చక్కటి జవాబు 2016లో వచ్చిన షాడో టాక్టిక్స్‌లో ఉంది. మ్యూనిక్‌లోని మిమిమి అనే చిన్న బృందం చేసింది, కథాకాలం 1615 నాటి జపాన్. అందులో మామూలు కాపలావాడు చప్పుడు వింటే చూడ్డానికి వస్తాడు. గడ్డి టోపీ పెట్టుకున్నవాడు మాత్రం చప్పుడు విని అటు తల తిప్పుతాడే తప్ప ఉన్నచోటు వదలడు. సమురాయ్ అయితే మారువేషాన్ని కూడా పసిగడతాడు. మనుషులు మూడు రకాలే. కానీ ఒక గడ్డి టోపీవాడు ఇద్దరు మామూలువాళ్లను చూస్తూ నిలబడ్డాడంటే, మీకు అలవాటైన ఉపాయం అక్కడ చెల్లదు. వాడి చూపు తప్పించాలంటే ముందు ఎవర్ని కదపాలి, ఎటు కదపాలి అని మళ్లీ మొదటినుంచి ఆలోచించాలి. అదే ఆటలో మంచు కురిసిన లెవెల్లో అడుగుజాడలు పడతాయి, కాపలావాళ్లు వాటి వెంబడి వస్తారు. అంతకుముందు లెవెల్లో మీరు నేర్చుకున్న నడకే ఇక్కడ మిమ్మల్ని పట్టిస్తుంది. వాళ్లు కొత్త ఆయుధం ఇవ్వలేదు, పాత అలవాటును ప్రశ్నించారు. మీ ఆటకు కావాల్సింది ఇదే.

ఇప్పుడు అందరూ ఉదాహరణగా చెప్పే అసాసిన్స్ క్రీడ్ సంగతికి వస్తాను. మీరు కూడా అదే మాకు స్ఫూర్తి అని రాశారు. 2007లో వచ్చిన మొదటి ఆట 1191లో, మూడో క్రూసేడ్ కాలంలో జరుగుతుంది. డమాస్కస్, ఏకర్, జెరూసలేం నగరాలు, చంపాల్సినవాళ్లు తొమ్మిదిమంది. ప్రతి ఒక్కరికీ వరస ఒకటే: ఊళ్లోకి రావడం, ఎత్తైన బురుజులెక్కి చుట్టూ చూడటం, బెంచీ మీద కూర్చుని మాటలు వినడం, జేబు కొట్టడం, ఒకణ్ణి తన్ని నిజం చెప్పించడం, చివరికి అనుమతి తెచ్చుకుని వెళ్లి చంపడం. చాలా రొటీన్ అని అప్పుడే విమర్శ వచ్చింది. అయితే రొటీన్ అవ్వడానికి కారణం పని తిరిగి తిరిగి రావడం ఒక్కటే అని నేననుకోను. ఆ విచారణలో దొరికిన సమాచారం అసలు ఘట్టంలో పెద్దగా అక్కరకు రాదు. ఫలానా వైపు కాపలా పల్చగా ఉందని తెలుసుకుంటాం. తెలిసినా తెలియకపోయినా చాలాసార్లు మనిషి పడగానే గంటలు మోగుతాయి, వీధుల్లో కత్తియుద్ధం, పరుగో పరుగు. విన్న మాటకు విలువ లేదని రెండో హత్యకే మనసుకు తెలిసిపోతుంది. ఆ తర్వాత బెంచీ మీద కూర్చోవడం ఒట్టి డ్యూటీ.

అదే విచారణను నిజంగా అక్కరకొచ్చేలా చేస్తే ఎంత మారేదో ఆలోచించండి. తొమ్మిదిసార్లు కాదు, ముప్పైసార్లు వచ్చినా ఆడేవాళ్లం. అందుకే ఆ ఆటను నేను తీసిపారేయను. జనంలో కలిసిపోయి దాక్కోవడం, తెల్ల దుస్తుల పండితుల గుంపులో తల వంచుకుని కాపలా ముందునుంచే నడిచిపోవడం, ఇవన్నీ అప్పటికి చాలా కొత్త ఆలోచనలు. వాటి చుట్టూ పెట్టిన పనులు మాత్రం ఆ ఆలోచనల స్థాయికి రాలేదు. పైగా ఆట మొత్తంలో కలిపి 420 జెండాలు దాచారు, ఏరుకోవడానికి. అన్నీ ఏరినా కథలో ఒక్క పూచికపుల్ల కదలదు. మీ డెమోలో ఉన్న "వంద శాసన ముక్కలు" చూసి నాకు అవే గుర్తొచ్చాయి. దయచేసి తీసేయండి. పది ఉంచండి చాలు, ఆ పదిట్లో ప్రతి ఒక్కటీ ఏదో ఒక దారో, ఒక కాపలావాడి అలవాటో చెప్పేలా ఉంచండి.

సమాచారం అక్కరకు రావాలంటే లోకం కూడా మనం చేసినదానికి బదులివ్వాలి. దీనికి మెటల్ గేర్ సాలిడ్ ఫైవ్ మంచి పాఠం. 2015లో వచ్చింది, అందులో చాలా భాగం 1984 నాటి అఫ్గానిస్తాన్‌లో, సోవియట్ సైన్యం మధ్య జరుగుతుంది. మీరు ఎప్పుడూ తలకే గురిపెట్టి కొడుతుంటే కొన్నాళ్లకు సైనికులు హెల్మెట్లు పెట్టుకుని వస్తారు. రాత్రిళ్లే దాడి చేస్తుంటే చీకట్లో చూసే కళ్లద్దాలు వస్తాయి. మీ దగ్గరున్న మనుషుల్ని పంపి ఆ హెల్మెట్ల సరఫరానే దెబ్బకొట్టే వీలు కూడా ఉంది. ఆడేవాడి అలవాటును ఆట గమనించి మెల్లగా ఆ తలుపు మూస్తుంది. మీది చిన్న బృందం, అంత పెద్ద ఏర్పాటు మీ వల్ల కాదు, అక్కర్లేదు కూడా. మూడుసార్లు ఈల వేసి మనుషుల్ని మాయం చేశాక నాలుగోవాడు ఒంటరిగా రాకుండా ఇంకొకణ్ణి తోడు తెచ్చుకుంటే చాలు. రాయడానికి పది లైన్ల కోడ్. ఆట నడక మొత్తం మారిపోతుంది.

చూపు, చప్పుడు అనే రెండింటి గురించి ఇంకాస్త. 1998లో ఒకే ఏడాది థీఫ్, టెంచు, కమాండోస్, మెటల్ గేర్ సాలిడ్ వచ్చాయి. స్టెల్త్‌కు పునాది పడిన ఏడాది అది. వీటిలో థీఫ్ అసలు చరిత్ర కాదు, మధ్యయుగం పోలిన కల్పిత నగరం. కానీ మీరు ముందు ఆడాల్సింది అదే. రాతిబండల మీద నడిస్తే చప్పుడు, తివాచీ మీద నడిస్తే లేదు. మంటకు నీటి బాణం వేస్తే ఆరిపోతుంది, చీకటి మీదవుతుంది. ఎంత వెలుగులో ఉన్నామో స్క్రీన్ కింద ఒక మణి చూపిస్తుంది. కష్టం లెవెల్ పెంచితే శత్రువుల ప్రాణం పెంచడం కాదు, మనకు షరతులు పెరుగుతాయి: ఇంకొన్ని వస్తువులు తేవాలి, మనుషుల్ని చంపకూడదు. ఒక గది దాటడం అనే ఒకే పని నేల మారితే, దీపం మారితే, షరతు మారితే కొత్త సమస్య అవుతుంది. కమాండోస్‌లో కాపలావాడి చూపు పచ్చటి త్రికోణంలా కనిపిస్తుంది. దగ్గర భాగంలో ఎట్లున్నా దొరికిపోతాం, దూర భాగంలో నేలమీద పాకితే దొరకం. ఆ ఒక్క గీతతో నిలబడాలా, పాకాలా అన్నది ప్రతి అడుగులో ఆలోచించాల్సి వస్తుంది. మీ డెమోలో చూపు త్రికోణం ఉంది, కానీ దాని లోపల అంతా ఒకటే. దాన్ని రెండు ముక్కలు చేయండి.

ఇక నన్ను బాగా బాధపెట్టే ఒక విషయం. 2017లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ ఆరిజిన్స్‌లో మనుషుల తలలమీద లెవెల్ అంకెలు ఉంటాయి. మీకంటే బాగా పై లెవెల్ ఉన్నవాడి వెనక చడీచప్పుడు లేకుండా చేరి మెడలో కత్తి దించితే, వాడు చావడు. కాస్త ప్రాణం తగ్గి వెనక్కి తిరుగుతాడు. అంతసేపు కనిపెట్టి, ఊపిరి బిగబట్టి చేసిన పని ఒక అంకె ముందు ఓడిపోయింది. ఆడేవాడు దీన్నుంచి నేర్చుకునే పాఠం ఒకటే: ముందు లెవెల్ పెంచుకో, ప్లాన్ తర్వాత. అక్కణ్ణుంచి ఆట పొలం పనిలా సాగుతుంది. తర్వాతి ఆటల్లో దొంగచాటు దెబ్బ కచ్చితంగా తగిలే ఆప్షన్ సెట్టింగ్స్‌లో పెట్టారంటే ఆటగాళ్లకు అది ఎంత గుచ్చుకుందో అర్థమవుతుంది. అదే ఆరిజిన్స్‌లో గద్దను ఎగరేసి కోటలో ఉన్న కాపలావాళ్లందర్నీ గుర్తుపెట్టేసుకోవచ్చు. వాళ్లు గోడల వెనక కూడా కనిపిస్తుంటారు. ఈజిప్టు అంత అందంగా గీశారు, కానీ మన కళ్లు ఆ గుర్తుల మీదే ఉంటాయి. 2025 మార్చిలో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ షాడోస్‌లో గద్దను తీసేశారు, దీపాలు ఆర్పడం, నేలమీద పడుకుని పాకడం తెచ్చారు, రుతువులు మారితే దాక్కునే చోట్లు మారేలా చేశారు. చలికాలం కొలను గడ్డకడితే నీళ్లలో మునిగి దాక్కోలేం. సరైన దారి పట్టారు.

మీ డెమోలో కూడా మీరు పావురాన్ని ఎగరేసి మనుషుల్ని గుర్తించే ఏర్పాటు పెట్టారు. తీసేసి చూడండి. ఆడేవాడు అప్పుడు బురుజు ఎక్కుతాడు, ఆగుతాడు, కోటను చూస్తాడు. మీరు అంత కష్టపడి గీసిన కోటను.

ఇప్పుడు చరిత్ర. ఇక్కడే మీకు బంగారు గని ఉంది, మీరు పైపైన గీకి వదిలేశారు. చరిత్ర గోడమీద బొమ్మగా ఉంటే మొదటి పది నిమిషాలు "అబ్బ, మన కోట" అనిపిస్తుంది, పదకొండో నిమిషం నుంచి కనపడదు. ఆటలో ఒక రూల్‌గా మారితేనే చివరిదాకా ఉంటుంది.

ఖిలా వరంగల్ రాతికోట దర్వాజలు గుర్తు చేసుకోండి. మీరు ఎన్నిసార్లు బండిమీద వాటిలోంచి పోయి ఉంటారో. నేరుగా లోపలికి తీసుకెళ్లవు, మలుపు తిప్పి తీసుకెళ్తాయి. ఏనుగులూ గుర్రాలూ ఒక్క ఊపున దూసుకురాకుండా కట్టిన వంపు అది. స్టెల్త్ లెవెల్‌కి అది దేవుడిచ్చిన వరం. మలుపు అవతల ఏముందో కనపడదు, వినాలి. లోపలివాడికి బయటివాడు కనపడడు, కాబట్టి కేక వేసి అడిగి తెలుసుకుంటుంటాడు. ఆ కేకకు జవాబు రాకపోతే అనుమానం. మీరేమో ఆ దర్వాజను సూటిగా, తలుపులు తెరిచిన సినిమా సెట్‌లా పెట్టారు. గోడ లోపలివైపు మెట్లు మెట్లుగా పైదాకా ఉంటుంది కదా, అక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ముట్టడి వస్తే సైనికులు ఎక్కడినుంచైనా గోడ మీదికి పరుగెత్తడానికి వీలుగా ఉంటుంది. అంటే మీ ఆటలో అలారం మోగితే గోడ పొడవునా ఎక్కడినుంచైనా మనుషులు ఎక్కి రావచ్చు, ఒకే నిచ్చెన దగ్గర కాపుకాస్తే సరిపోదు. దాని బయట కందకం, ఆ అవతల మట్టికోట. 1310 నాటి ఢిల్లీ సైన్యం ముట్టడిని వర్ణిస్తూ ఆ కాలపు ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడ గట్టితనం గురించే ప్రత్యేకంగా రాశాడు. రాతిని ఎక్కడం ఒకటి, మట్టికట్టను ఎక్కడం ఇంకొకటి. వానపడితే జారుతుంది, అడుగుజాడ పడుతుంది. ఒక్క కోటలోనే మూడు రకాల నేల మీకు దొరికింది.

నడిమి స్వయంభూ గుడి సంగతి. మీరు ఇవాళ కనిపించే శిథిలాలను ఉన్నదున్నట్టు పెట్టి, చుట్టూ నాలుగు తోరణాలు నిలబెట్టారు. మీ కథ కోట పడకముందు జరుగుతోంది కాబట్టి గుడి నిండుగా ఉండాలి. ఖుష్ మహల్ అసలు ఉండకూడదు, అది కాకతీయుల తర్వాతి కట్టడం. తప్పు పట్టడానికి చెప్పట్లేదు, నిండు గుడి ఉంటే ఆట ఎంత బాగుపడుతుందో చూడండి. స్తంభాలు, జనం, దీపాలు. ఆ కాలపు శాసనాల్లో అఖండ దీపాల కోసం ఆవుల్నీ గొర్రెల్నీ దానమిచ్చిన సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఆ దీపం ఆరకూడదు. మామూలు కాగడా ఆర్పితే కాపలావాడు కాసేపటికి గమనించవచ్చు, గమనించకపోవచ్చు. అఖండ దీపం ఆర్పితే మాత్రం ఎవరో ఒకరు వెంటనే పరుగున వచ్చి వెలిగించి తీరాలి. అంటే అది ఒకవైపు చీకటి, ఇంకోవైపు మనుషుల్ని రప్పించే ఎర. వచ్చేవాడు సైనికుడు కాదు, పూజారి. వాడిమీద చెయ్యెత్తుతారా? ఈ ఒక్క దీపంతో మీకు ఒక లెవెల్ నడుస్తుంది, అది ఓరుగల్లులో తప్ప ఇంకెక్కడా కుదరని లెవెల్.

మీ ఆటలో కారప్పొడి విసిరే ఉపాయం సరదాగా ఉంది, కానీ 1323లో మన దేశంలో మిరపకాయ లేదు. పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా ఘాటుకు మిరియాలే. అట్లనే అంగడి సీన్‌లో మన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లా ఎర్రటి మిరపకుప్పలు పోశారు, అవీ తీసేయాలి. మిరియాల పొడి అంటే ఖరీదైన సరుకు, కాబట్టి లెక్కగా రెండే పొట్లాలు ఇవ్వండి. చరిత్ర సరిచేస్తేనే ఆటలో కొరత వచ్చింది, కొరత వస్తే ఎక్కడ వాడాలా అని ఆలోచన వస్తుంది.

ఇక నాకు చాలా ఇష్టమైనది. 1323లో కోట పడింది, కానీ అంతకుముందు ఢిల్లీ సుల్తాన్ కొడుకు ఉలుగ్ ఖాన్ చేసిన ముట్టడి విఫలమైంది. ఢిల్లీ చరిత్రకారుడు బరనీ రాసిన ప్రకారం ఢిల్లీ నుంచి వార్తలు రావడం ఆగిపోయింది, సుల్తాన్ చనిపోయాడని శిబిరంలో పుకారు లేచింది, సేనాపతులు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు, ముట్టడి చెదిరిపోయింది. కత్తి చేయలేని పని ఒక పుకారు చేసింది. మీ ఆటలో ఇది ఎక్కడా లేదు! పెద్ద సేనాపతిని చంపే మిషన్ పెట్టారు. దాని బదులు ఇది పెట్టండి: ఢిల్లీ ఉత్తరాలు శిబిరానికి చేరకుండా ఆపడం. పదేళ్ల తర్వాత మన దేశానికి వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఢిల్లీ డాక్ ఏర్పాటును వర్ణించాడు: ఉత్తరం మోసే మనిషి రాగి గంటలు కట్టిన కర్ర పట్టుకుని పరుగెత్తుతాడు, ఆ గంటల చప్పుడు దూరంనుంచి విని తర్వాతి మజిలీలో మనిషి తయారుగా ఉంటాడు.

దీన్ని ఆటలోకి తెచ్చి చూద్దాం. చీకట్లో జొన్నచేలో దాక్కుని ఉన్నారు. దూరంగా గంటల చప్పుడు. వాడు కనపడక ముందే ఎంత దూరంలో ఉన్నాడో, ఎటు తిరిగాడో మీకు తెలుస్తుంది. వాణ్ణి ఆపితే గంటలు ఆగుతాయి. గంటలు ఆగితే తర్వాతి మజిలీవాడు ఏమైందని వెతుక్కుంటూ వస్తాడు. కాబట్టి ఆపాక ఆ కర్ర మీరే తీసుకుని పరుగెత్తాలి, చప్పుడు తప్పకుండా. ఇన్నాళ్లూ చప్పుడు చేస్తే దొరికిపోతామని నేర్చుకున్న ఆటగాడు ఇప్పుడు చప్పుడు ఆపితే దొరికిపోతాడు. లేదా ఉత్తరం ఒక్కటే మార్చి వాణ్ణి అట్లనే పోనివ్వాలి, అప్పుడు వాడికి అనుమానం రాకుండా ఎక్కడ ఆపడం? చెరువు మత్తడి దగ్గరా, చింతచెట్టు కిందా? ఒకే పని, నాలుగు దార్లు, నాలుగింటికీ వేరే వేరే ఫలితాలు. దీన్ని వరసగా మూడుసార్లు పెట్టినా ఎవరూ రొటీన్ అనరు.

జొన్నచేను అన్నాను కదా, మన దగ్గర దాక్కునే చోట్లకు అదొక పెద్ద ఆధారం. కోతకు ముందు మనిషి ఎత్తు, కోత అయ్యాక మోళ్లు. అదే లెవెల్‌ను కోతకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఆడించండి. చెరువు గట్టున తీతువు పిట్టను పెట్టండి. రాత్రిపూట దాని గూటి దాపుల్లోకి పోతే అది లేచి గోల గోలగా అరుస్తుంది, పల్లెలో పెరిగిన ఎవరికైనా తెలుసు. కాపలావాడు ఆ అరుపు విని అటే చూస్తాడు. మీరు రాయి విసిరి ఆ పిట్టను లేపితే వాడి దృష్టి అటు పోతుంది. మీ ఈల స్థానంలో పెట్టడానికి ఇంతకంటే మంచిది నాకు తోచలేదు. ఈల ఎక్కడైనా పనిచేస్తుంది, పిట్ట ఉన్నచోటే పనిచేస్తుంది.

ఘోస్ట్ ఆఫ్ త్సుషిమాలా పెద్ద మ్యాప్ కావాలని మీ బృందంలో ఒకరు పట్టుబడుతున్నారట. 2020 నాటి ఆ ఆట నాకూ ఇష్టమే. 1274లో మంగోలులు త్సుషిమా దీవి మీద పడ్డ కథ. దారి చూపడానికి బాణం గుర్తులు కాకుండా గాలి వీస్తుంది, చాలా గొప్ప ఆలోచన. చాటుగా చంపడం సమురాయ్ మర్యాదకు తప్పని హీరో మేనమామ ఆక్షేపిస్తుంటాడు కాబట్టి కథలో ప్రతి దొంగచాటు దెబ్బకూ ఒక బరువుంటుంది. అయినా నక్క వెంట గుడికి పోవడం, శిబిరాలు ఖాళీ చేయడం చాలాసార్లయ్యాక అక్కడా అలసట వస్తుంది. అంత డబ్బు, అంతమంది మనుషులు ఉన్నవాళ్లకే అంత మ్యాప్ నింపడం కష్టమైంది. మీరు ఒక దర్వాజ, ఒక గుడి, ఒక చెరువు గట్టు చేయండి. పక్కనుంచి చూసే ఆట అయినా తప్పులేదు. 1841 నేపథ్యంగా 2016లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ క్రానికల్స్ ఇండియా అట్లాంటిదే. పెద్ద కంపెనీ కూడా మన దేశం కథకు ఆ చిన్న రూపమే ఎంచుకుంది. దాన్ని ఆడి, ఎక్కడ బిగువుగా ఉందో, ఎక్కడ ఊపిరాడనివ్వకుండా ఒకే దారిలో తోసిందో మీరే రాసుకోండి.

ఓడిపోవడం గురించి ఒక మాట. మా తరం హన్మకొండ నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి ఐజీఐ అనే షూటింగ్ గేమ్ ఆడింది. 2000లో వచ్చిన ఆ ఆటలో మిషన్ మధ్యలో సేవ్ లేదు. చివరి గదిలో చస్తే మళ్లీ మొదటి కంచె దగ్గరినుంచే. శత్రువుల స్థావరంలోకి ఎటునుంచైనా పోవచ్చన్న స్వేచ్ఛ వల్ల మళ్లీ ఆడేవాళ్లం, కానీ ఆ మొదటి పది నిమిషాల నడక మాత్రం ఒట్టి శిక్ష. షాడో టాక్టిక్స్ దీనికి పూర్తిగా ఎదురు. ఎప్పుడంటే అప్పుడు సేవ్ చేసుకోవచ్చు, పైగా సేవ్ చేసి నిమిషం దాటితే స్క్రీన్ మీద గడియారం గుర్తుచేస్తుంది. అందుకే అందులో పదిసార్లు ఓడినా విసుగు రాదు, ఓటమికీ కొత్త ప్రయత్నానికీ మధ్య రెండు సెకన్లే. మీ డెమోలో ఎవరైనా చూడగానే "మిషన్ విఫలం" అని తెర నల్లబడుతోంది. అది అస్సలు వద్దు. దొరికాక తప్పించుకునే అవకాశం ఇవ్వండి: గోడ దూకి కందకంలో పడటం, అంగడి జనంలో కలవడం. వెంబడించి, వెతికి, అలసిపోయి కాపలావాళ్లు తిరిగి గస్తీకి పోయేదాకా ఉండే ఆ ఉత్కంఠే సగం ఆట. పోయాక కూడా వాళ్లు కాసేపు జాగ్రత్తగా ఉండాలి, ఒకరితో ఒకరు దాని గురించి మాట్లాడుకోవాలి.

మాటలంటే గుర్తొచ్చింది. మీ కాపలావాళ్లకు "ఎవడ్రా అక్కడ" అన్న ఒక్క డైలాగే ఉంది. అది చాలాసార్లు విన్నాక ఎంత మంచి లెవెలైనా చిరాకే. మొదటి అసాసిన్స్ క్రీడ్‌లో బిచ్చమడిగే ఆడవాళ్లు అదే మాట అంటూ వెంటపడేవాళ్లు, ఆడినవాళ్లకు ఇప్పటికీ గుర్తు. మైక్ ముందు మీ ఇండ్లలో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, మన యాసలోనే, ముప్పై నలభై రకాల మాటలు రికార్డ్ చేయండి. జీతం రాలేదని, మోకాలు నొప్పని, కందకంలో మొసలి కనపడిందని. కొన్ని మాటల్లో పనికొచ్చే సమాచారం పెట్టండి: "పొద్దుగూకాక పడమటి దర్వాజకు పోయేవాడు కల్లు తాగి నిద్రపోతాడు" అని ఒకడు అంటే, ఆ రాత్రి పడమటి దర్వాజ దగ్గర వాడు నిజంగా నిద్రపోవాలి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు తూర్పు దర్వాజ ఒక్కటే తీసుకుని, వంపు సరిచేసి, రెండు రకాల కాపలావాళ్లు, రెండు ముక్కల చూపు, తోడు తెచ్చుకునే నాలుగోవాడు, ఇంతవరకు చేయండి. స్టెల్త్ గేమ్‌లు అలవాటు లేని ఇద్దరికి, బాగా ఆడే ఇద్దరికి ఇచ్చి, వెనక నిలబడి నోరు విప్పకుండా చూడండి. బాగుందా అని అడిగితే మొహమాటానికి బాగుందంటారు, అడగొద్దు. వాళ్ల చేయి కంట్రోలర్ మీద కదలకుండా ఆగి, కళ్లు మాత్రం స్క్రీన్ అంతా తిరిగిన చోట్లు రాసుకోండి, ఆట ఉన్నది అక్కడే. చేయి ఆగకుండా దాటేసిన చోట్లు కూడా రాసుకోండి, అక్కడ ఏదో ఒకటి మార్చాలి. అది అయ్యాక కొత్త బిల్డ్ (మార్పులు చేసిన ఆట) లింక్ పెట్టండి, కాపలావాళ్లు ఎవరు ఎన్ని సెకన్లకు ఎటు తిరుగుతారో ఒక షీట్‌లో రాసి జతచేయండి. దాన్ని చూసి గస్తీ వరసల గురించి విడిగా రాస్తాను.